నడకకు ఒక క్రెడిట్

హార్లన్ ఫాల్స్ పట్టణ చరిత్ర రాసినవాళ్ళు ఊరికి రైలు వచ్చిన సంవత్సరం రాశారు. చక్కెర మిల్లు మూతపడిన సంవత్సరం రాశారు. నది పొంగి మేయరుగారి పడవ బ్యాంకు మెట్ల మీదికి కొట్టుకొచ్చిన రోజును ఫొటోతో సహా అచ్చు వేశారు. నదీన్ కుజావా కాలేజీ తరగతిలో బల్ల కింద బూట్లు విప్పడం మొదలుపెట్టిన సాయంత్రం గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. చరిత్రకారుల నిర్లక్ష్యానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అవి నీటి శాఖవారు ఇచ్చిన బూట్లు. వాటిని విప్పడానికి ఒక క్రమం ఉండేది. ముందు ఎడమది. ఎందుకంటే కుడి మోకాలు వంగే ముందు కొంత బతిమాలించుకునేది. తరువాత కుడిది, పెదవి బిగించి. ఆపైన ఒక నిట్టూర్పు. అది వినగానే ముందు వరుస పిల్లలు లేచి కిటికీ తెరిచేవారు. మిషిగన్ రాష్ట్రంలో జనవరి నెలలో మనుషులు తమంతట తాము కిటికీ తెరిచారంటే కారణం బలమైనదే అయివుండాలి. రాళ్ళ గురించి పాఠం చెప్పే మాస్టారు ఆ నిట్టూర్పునే హాజరుగా స్వీకరించి ఆమె పేరు పిలవడం మానేశాడు.

నదీన్‌కి యాభై మూడేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ నేలమాళిగల్లోకి దిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకోవడంలో గడిచాయి. వీధంతా నడక, పెరళ్ళలో మంచు, మెట్లు, కుక్కలు. పని దిగాక వారానికి రెండు సాయంత్రాలు కాలేజీ. ఆమె చదువుతున్నది జనరల్ స్టడీస్ అనే రెండేళ్ళ డిగ్రీ. చర్చి విందులో పళ్ళెం లాంటిది అది. అన్నీ తలా ఒక గరిటె పడతాయి, ఏదీ రెండోసారి వడ్డించరు. ఇంగ్లీషు వ్యాసాలు, ఒక లెక్కల కోర్సు, ప్రయోగశాల ఉన్న సైన్సు ఒకటి, నిలబడి ఉపన్యాసం చెప్పడం ఒకటి, మనిషి మనసు గురించి కాస్త, సమాజం గురించి కాస్త, గ్రీకు కుండల మీద బొమ్మల గురించి చాలా. ఒక్కో కోర్సు పాసయితే కాలేజీ కొన్ని క్రెడిట్లు జమ వేస్తుంది, మొత్తం అరవై కావాలి. ఈ రెండేళ్ళ డిగ్రీని నదీన్ తొమ్మిదేళ్ళుగా చదువుతోంది.

ఆ చదువు వెనక ఒక కుర్చీ ఉంది. నీటి శాఖలో సూపర్‌వైజర్ ఓర్విల్ జూన్ ఆఖరున రిటైరవుతున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి రెండేళ్ళ డిగ్రీ ఉండాలని రూలు. దేనిలో అన్నది రూలు పట్టించుకోదు. అందుకే పార్కుల శాఖలో పనిచేస్తున్న, గోల్ఫ్ గడ్డి పెంపకంలో డిగ్రీ చదివిన కుర్రాడొకడు అప్పుడే దరఖాస్తు పెట్టేశాడు. నదీన్ మోకాలి సంగతి ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఒకరు డాక్టరు, ఇంకొకరు ఆమెతో పాటు మీటర్లు చూసే గిల్ ప్రూయెట్. ఇంకో చలికాలం ఈ మెట్లు దిగితే తిరిగి ఎక్కే పని ఉండదని డాక్టరు చెప్పేశాడు. అప్పటికే ఆమె ఎవరూ చూడనప్పుడు మెట్లు పక్కకి తిరిగి దిగుతోంది.

జనవరిలో కాలేజీ సలహాదారు కెల్సీ హార్ట్‌విగ్ ఆమెను పిలిపించింది. పాతికేళ్ళ పిల్ల, మంచి పిల్ల. చెడ్డ వార్తని కూడా పుట్టినరోజు శుభాకాంక్షల్లా చెబుతుంది.

"నదీన్ గారూ, దాదాపు వచ్చేశారు!"

"దాదాపు అంటే?"

"ఒక్కటే మిగిలిందండీ. చూడండి, తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, ఇదొక్కటే ఎర్రగా ఉంది. శారీరక వ్యాయామం, ఒక క్రెడిట్."

"నేను చేరినప్పుడు అది లేదే."

"లేదండీ. మధ్యలో ఒక ఏడాది మానేశారు కదా, ఆ ఏడాదే పెట్టారు. మానేసి మళ్ళీ చేరినవాళ్ళకి కొత్త రూల్సే వర్తిస్తాయి."

ఆ ఏడాది నదీన్ ఎందుకు మానేసిందంటే, కాస్ వీధిలో ఒక కుక్క ఆమె కుడి పిక్క పట్టుకుంది. విదిలించుకోబోయి మెట్ల మీద పడి మోకాలు విరగ్గొట్టుకుంది. అంటే ఆమె నడవలేని ఏడాది చూసుకుని కాలేజీవారు వ్యాయామం తప్పనిసరి చేశారు.

"ఇబ్బందేం లేదండీ," అంది కెల్సీ. "మీ టైముకి సరిపోయేది ఒకటుంది. ఈ సెమిస్టరులోనే అయిపోతుంది. ఆరోగ్య నడక. పరిచయ స్థాయి."

"ఏమిటీ?"

"నడక. అంటే… నడవడం."

నదీన్ కోపం వస్తే అరిచే మనిషి కాదు. కోపం పెరిగేకొద్దీ ఆమె గొంతు తగ్గుతుంది. కుక్కల దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఇప్పుడు ఆమె మాటలు వినడానికి కెల్సీ కుర్చీ ముందుకు జరుపుకోవలసి వచ్చింది.

"నాకూ నడకకీ పరిచయం చేస్తావా తల్లీ? మా ఇద్దరికీ ఇరవై రెండేళ్ళ కాపురం."

"అర్థమైందండీ, కానీ…"

"డబ్బు కట్టి నడవాలా నేను? ఊరు నాకు డబ్బిచ్చి నడిపిస్తోంది!"

మర్నాడు గిల్ కడుపు పట్టుకుని నవ్వాడు. వాన్ తలుపుకి చేరగిలబడి మరీ నవ్వాడు.

"ఫెయిలవుతావేమో చూసుకో మహారాణీ. కుడి ఎడమలు బట్టీ పట్టు."

"నోర్ముయ్ గిల్."

"సరే, ముయ్యమంటే మూస్తా. డాక్టరు చీటీ పట్టుకుపో. మోకాలు అరిగింది, నడవలేదు అని. ఆ చీటీ చూస్తే మాఫీ చేస్తారు."

"ఆ చీటీ కాలేజీలో పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి ఇక్కడుంటుంది. ఓర్విల్ భార్య పనిచేసేది ఎక్కడ? అక్కడే. నడవలేనిదానికి మీటర్ల పనెందుకని జూన్ దాకా కూడా ఉంచరు నన్ను."

గిల్ వాన్ తలుపు తీశాడు. "అయితే వెళ్ళి నడిచెయ్యి. ఒక్క క్రెడిటేగా."

"నడవను," అంది నదీన్. గొంతు ఎంత తగ్గిందంటే గిల్ వాన్ ఎక్కి ఇంజను ఆన్ చేశాడు.

ఆమె మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టుకుంది. మోకాలి ఊసు లేకుండా, వృత్తిరీత్యా నడుస్తున్నాను గనుక నడక నేర్పనక్కర్లేదు అని. దానిని విచారించడానికి ఫిబ్రవరిలో ముగ్గురు పెద్దలు సమావేశమయ్యారు. ఒక మనిషికి నడక వచ్చునా రాదా అని తేల్చడానికి ముగ్గురు పట్టభద్రులు, ఒక నీళ్ళ కూజా, గోడ మీద కాలేజీ స్థాపకుడి తైలవర్ణ చిత్రం. నదీన్ ఆ గదిలోకి కుంటకుండా నడిచి వచ్చింది. ఆ పది అడుగులు ఆమెకు ఆ రోజు పని మొత్తం కంటే బరువనిపించాయి. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే వాళ్ళ ముందు లేవవలసి వస్తుంది.

ముగ్గురిలో పెద్దాయన, కాలేజీ డీన్ ప్రెంటిస్, కళ్ళజోడు సవరించుకున్నాడు. "మీ ఉద్యోగంలో నడక ఉందన్నది కాదనము, శ్రీమతి కుజావా. ఈ కోర్సులో కొన్ని లక్ష్యాలున్నాయి. మీ నడకలో లక్ష్యమేమిటి?"

"మీటరు."

"అంటే?"

"మీటరు దాకా వెళ్ళడం సార్. వెళితే నేర్చుకున్నట్టు."

"నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో గమనించుకుంటారా?"

"కుక్క తరుముతుంటే గమనించుకోనక్కర్లేదు సార్. చెవుల్లో వినిపిస్తుంది."

మిగతా ఇద్దరిలో ఒకాయన దగ్గాడు. డీన్ దగ్గలేదు.

"చూడండి, ఇది మీ ఒక్కరి కోసం పెట్టిన నియమం కాదు. ఈ తరం విద్యార్థులు కూర్చుని గడిపే జీవితానికి అలవాటు పడుతున్నారు. దాని నుంచి వాళ్ళని తప్పించాలని."

"నేను కూర్చోవడానికే సార్ ఈ డిగ్రీ చదువుతున్నది."

ఈసారి ఎవరూ దగ్గలేదు. నదీన్ బల్ల అంచు పట్టుకుంది. చూసేవాళ్ళకి అది కోపంలా కనిపించింది. సగం కోపమే.

"తొమ్మిదేళ్ళుగా మీరు ఏది చదవమంటే అది చదివాను. కుండల మీద బొమ్మలు నాకెందుకని అడగలేదు. రాళ్ళకి ఎన్నేళ్ళో తెలిస్తే ఏమొస్తుందని అడగలేదు. కొన్ని బాగానే ఉన్నాయి కూడా. నాకు రానివన్నీ మీ దగ్గర కొనుక్కున్నాను సార్, బేరమాడలేదు. ఒక్క నడక మాత్రం నా దగ్గర ఉంది అంటున్నా. అది కూడా మీ దగ్గరే కొనుక్కోమంటే, ఇక నాకంటూ ఏదైనా వచ్చునని ఎప్పుడు ఒప్పుకుంటారు మీరు?"

ఈ మాటలన్నీ ఆమె ఎంత మెల్లిగా అన్నదంటే ముగ్గురూ బల్ల మీదికి వంగి విన్నారు. దూరం నుంచి చూస్తే ఆమెకు నమస్కరిస్తున్నట్టుండేది.

ఈస్టరు ఉపవాసాలు మొదలయ్యే ముందు మంగళవారం నాడు జవాబు వచ్చింది. మినహాయింపు ఏకగ్రీవంగా మంజూరు. ఆ రోజు ఊళ్ళో పోలండు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళన్నిట్లో జామ్ కూరిన డోనట్లు వండుతారు. గిల్ ఒక పెట్టెడు తెచ్చి నీటి శాఖ షెడ్డులో పంచాడు. "ఈ రోజు నుంచి ఈమెకి నడక వచ్చని ప్రభుత్వ గుర్తింపు!" అని అరిచి, పంచదార పొడి అంటిన చేత్తో ఆమెకు సెల్యూట్ కొట్టాడు. నదీన్ రెండు తింది. మూడోది ఓర్విల్‌కి ఇచ్చి, అతని కుర్చీ వైపు ఒకసారి చూసింది. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ, వెనక్కి వాలేది.

ఏప్రిల్ వచ్చింది. మంచు కరిగి పెరళ్ళు బురదయ్యాయి. నదీన్ పట్టభద్రుల గౌను కొలతలు కూడా ఇచ్చేసింది. ఒక మధ్యాహ్నం ఎవరిదో ఇంటి నేలమాళిగలో, బట్టలు ఉతికే మిషను వెనక వంగి మీటరు చూస్తుండగా ఫోను మోగింది.

"నదీన్ గారూ," అంది కెల్సీ. ఈసారి గొంతులో పుట్టినరోజు లేదు. "మీరు ఎక్కడైనా కూర్చుని ఉన్నారా?"

"ఒకరి ఇంట్లో మిషను వెనక ఉన్నా. చెప్పు."

"ఆఖరి తనిఖీలో ఒకటి తేలిందండీ. మీ క్రెడిట్లు యాభై తొమ్మిది."

"వ్యాయామం మినహాయించారుగా!"

"మినహాయించారండీ. అంటే ఆ షరతు తీసేశారు. దానికి క్రెడిట్ ఇవ్వలేదు. షరతు వేరు, క్రెడిట్ వేరు. మీ షరతులన్నీ తీరిపోయాయి. క్రెడిట్లు మాత్రం అరవై ఉండాలి. నేను జనవరిలోనే చూసి చెప్పాల్సింది. చూడలేదు."

మిషను తిరుగుతోంది. ఎవరివో దుప్పట్లు అద్దం వెనక ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

"అంటే," అంది నదీన్, "నేను నడవక్కర్లేదని ఒప్పుకున్నారు. నడిచానని మాత్రం ఒప్పుకోలేదు."

"…అంతేనండీ."

"మళ్ళీ అర్జీ పెడతాను."

"కమిటీ ఇక కలిసేది సెప్టెంబరులోనండీ."

సెప్టెంబరుకి ఆ కుర్చీలో గోల్ఫ్ గడ్డి మొలిచి ఉంటుంది. నదీన్ మిషను మీద చెయ్యి ఆనించి మెల్లిగా నిటారుగా లేచింది.

"ఒక్క క్రెడిట్‌వి ఏమున్నాయి? జూన్‌లోగా అయ్యేవి. సాయంత్రం పూట."

"ఉద్యోగ దరఖాస్తు రాయడం ఉండేదండీ, ఎవరూ చేరలేదని రద్దు చేశారు. బౌలింగ్ పొద్దున పది గంటలకి. ఈత ఉంది కానీ కొలను మరమ్మతులో ఉంది. ఇంకొకటి…"

"చెప్పు."

"చెప్పలేనండీ."

"చెప్పు తల్లీ."

కెల్సీ చెప్పింది. ఐచ్ఛిక కోర్సు కింద తీసుకోవచ్చని, ఒక్క సీటు మిగిలి ఉందని కూడా చెప్పింది. నదీన్ మీటరు అంకె రాసుకుని, ఆ సీటుకి తన పేరు రాయమంది.

ఈ సంగతి విని గిల్ నవ్వలేదు. టోపీ తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. ఆ వారంలో నదీన్‌కి అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అదే.

"నవ్వరాదూ!" అంది.

"నవ్వు రావట్లేదు నదీన్."

"జనవరిలో నడిచేసి ఉంటే ఈపాటికి అయిపోయేదని అనుకుంటున్నావు. అను."

"నేనెక్కడన్నాను?"

"మొహం అంటోంది."

మే నెలలో తరగతి మొదలయింది. కాలేజీ వెనక పరుగుపందేల ట్రాకు. చెవుల్లో పాటలు పెట్టుకున్న పద్దెనిమిదేళ్ళ పిల్లలు, వాళ్ళ మధ్య పనిబట్టల్లోనే నదీన్. కోచ్ ల్యూటీ ఆమె పెద్ద మేనల్లుడి వయసువాడు. మొదటి సాయంత్రం అంతా పాదం ఎలా మోపాలో చెప్పాడు. ముందు మడమ, తరువాత వేళ్ళు. అందరూ చేసి చూపించారు. నదీన్ కూడా చేసి చూపించింది. ఆమె మొహం చూసి పక్కనున్న పిల్ల రెండడుగులు దూరం జరిగింది.

ఆ తరువాత ఆమె నడిచింది. కోపంతో నడిచింది. ఒక చుట్టు డీన్ మీద, ఒక చుట్టు కాస్ వీధి కుక్క మీద, రెండు చుట్లు షరతు వేరు క్రెడిట్ వేరు అన్న మాట మీద. పిల్లలు వెనకబడ్డారు. మోకాలు పళ్ళు నూరింది, ఆమె కూడా నూరింది. మంచు సంచీ ట్రక్కులోనే పెట్టుకునేది. ఇంటిదాకా ఆగే ఓపిక మోకాలికి ఉండేది కాదు.

ఒక సాయంత్రం కోచ్ పక్కన చేరాడు. "కుజావా గారూ, కుడి కాలు కాస్త తేడాగా పడుతోంది. డాక్టరుకి చూపించారా?"

"నడిపించు నాయనా. అడక్కు."

అతను ఒక సగం చుట్టు ఆమె అడుగులు చూస్తూ నడిచాడు. "మలుపుల్లో బయటి గీత పట్టుకోండి. వంపు తక్కువ, మోకాలికి తేలిక," అని చెప్పి ముందుకి వెళ్ళిపోయాడు. నదీన్ రెండు చుట్లు మొండిగా లోపలి గీత మీదే నడిచింది. మూడో చుట్టులో బయటికి వెళ్ళింది. తేలికగానే ఉంది. దానికి కూడా కోపం వచ్చింది.

జూన్ మొదట్లో డిపో వీధిలో పెద్ద గొట్టం పగిలింది. నీళ్ళు కాచుకుని తాగమని నీటి శాఖ మనుషులందరూ ఇంటింటికీ తిరిగి చెప్పవలసి వచ్చింది. నదీన్ రెండు సాయంత్రాలు తలుపులు తట్టుకుంటూ సగం ఊరు తిరిగింది. ఆ రెండు సాయంత్రాలూ తరగతికి వెళ్ళలేకపోయింది.

జూన్ ఆఖరి వారంలో అరవై క్రెడిట్లూ పూర్తయ్యాయని కాలేజీ నగర కార్యాలయానికి తెలియజేసింది. జూలై మొదటి సోమవారం నదీన్ కుజావా ఓర్విల్ కుర్చీలో కూర్చుంది. గిల్ ఆమెకు కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, "లేవకండి మేడమ్, లేవకండి," అన్నాడు. ఆమె లేవలేదు.

రెండు తరగతులు మానినందువల్ల నడకలో ఆమెకు బి గ్రేడు ఇచ్చారు.