సోఫాలు కుట్టేవాడి పెరోలు

సోఫాలు కుట్టడంలో అతను చెయ్యి తిరిగినవాడు. ముప్పై దాటేసరికి ఆ చేతికి మత్తు సూది కూడా అలవాటైంది. దాని కోసం దొంగతనాలకు దిగి, మూడోసారి దొరికాక నాలుగేళ్ళ శిక్ష పడింది.

జైల్లో మత్తు మాన్పించే వార్డులో చేరింది మారిపోదామని కాదు, అక్కడ ఫ్యాన్లు తిరుగుతాయని. మొదటి పదిరోజులూ వాంతులు, ఒళ్ళు విరగ్గొట్టినట్టు నొప్పులు. ఆ తరువాత ఏమీ లేదు. నొప్పీ లేదు, కోరికా లేదు. వార్డు కౌన్సెలరమ్మ ఖైదీలను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే, తన వంతుకు "బానే ఉన్నా" అనేవాడు. అమ్మ పోయిందని కబురొచ్చిన రోజూ అదే మాటన్నాడు.

కౌన్సెలరమ్మ వదల్లేదు. "బానే అంటే ఎలా?"

"కాలు తిమ్మిరెక్కితే ఎలా ఉంటుంది మేడం? ఒళ్ళంతా అలా ఉంది."

రెండున్నరేళ్ళకు, మిగిలిన శిక్షాకాలానికి పెరోలు మీద వదిలారు. అక్క ఇంట్లోనే ఉండాలి. సోమ, గురువారాలు మత్తు మాన్పించే సెంటరుకెళ్ళి మూత్ర పరీక్ష చేయించుకుని, అక్కడా పనిచేసే అదే కౌన్సెలరమ్మ ముందు కూర్చోవాలి. తప్పితే మళ్ళీ లోపలికే.

బావ గుమ్మంలోనే జోకేశాడు. "రావోయ్ బామ్మర్దీ, మా సోఫా చిరిగి నీకోసమే చూస్తోంది!" అక్క నవ్వింది. నవ్వాలని గుర్తొచ్చి అతనూ పెదవులు సాగదీశాడు.

పాత ఓనరే పనిచ్చాడు. ఐదో నెలలో ఒక గురువారం పొద్దున, బస్టాపులో పాత జతగాడు భుజం తట్టి, చొక్కా జేబులో మత్తు పొట్లం దోపి వెళ్ళిపోయాడు. అది జేబులో ఉండగానే అతను స్పాంజి కోశాడు, గుడ్డ బిగించి మేకులు కొట్టాడు. చెయ్యి వణకలేదు. అందుకే అతనికి భయమేసింది.

సాయంత్రం సెంటరులో పొట్లం బల్ల మీద పెట్టాడు.

"పారెయ్యలేకపోయావా?" అంది కౌన్సెలరమ్మ.

"ఎక్కడ పారేశానో నాకు తెలుస్తుంది కదా మేడం."

ఆమె పెరోలు ఆఫీసరుకు చెప్పక తప్పలేదు. పరీక్షలో ఏమీ లేదని తేలాక ఆయన జైలుకు పంపలేదు గానీ, వారానికి రెండు రోజుల హాజరును ఆరు చేశాడు. విని అక్క వంటింట్లో కూలబడి ఏడ్చింది.

"తిట్టవేంటక్కా?"

"తిట్టడానికేముందిరా, దాచకుండా చెప్పావుగా."

అతనికి కన్నీళ్ళు రాలేదు. పక్కన కూర్చున్నాడంతే.

పెరోలు ముగిసిన మరుసటి వారమూ సెంటరుకెళ్ళాడు. "నీ పేరు కొట్టేశామయ్యా, ఇంక రానక్కర్లేదు" అన్నాడు గుమాస్తా.

"మళ్ళీ రాసుకోండి" అని లోపలికెళ్ళి కూర్చున్నాడు.

అలా వెళ్తూ ఇప్పటికి మూడేళ్ళు. సంతోషంగా ఉన్నావా అని అడిగితే ఇంకా తెలియట్లేదంటాడు. ఆకలి మాత్రం వేళకు వేస్తోందట.