మొదటి భాగానికే కప్పిన శాలువా

కోవిడ్ తర్వాత బడులు పూర్తిగా తెరిచిన ఏడాది జూన్‌లో అనకాపల్లిలోని ఒక ప్రైవేటు స్కూల్లో పాశ్చాత్య సంగీతం టీచరుగా చేరాను. నా ఉద్యోగంలో అదే ఆఖరి మజిలీ. హోదాలో మేము డ్రిల్లు మాస్టారి తర్వాత వస్తాం. వార్షికోత్సవం నెలలో మాత్రం అందరికీ గుర్తొస్తాం.

మరుసటి ఏడు రెహానా అనే ఇంటర్ అమ్మాయి నా దగ్గర పియానో డిప్లొమా పరీక్షకు సిద్ధమైంది. వాళ్ళ నాన్న కరీం గారికి మెయిన్ రోడ్డులో గాజుల షాపు. పరీక్షకు ఎంచుకున్నది పెద్ద సొనాటా, అంటే మూడు భాగాలున్న ఒకే రచన. భాగానికీ భాగానికీ మధ్య వాయించేవారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆగుతారు. ఆ మౌనం కూడా రచనలోదే. మూడోది ముగిసేదాకా చప్పట్లు కొట్టరు. పరీక్షకు వీడియో పంపాలి. అది ఎక్కడా తెగకూడదు, మధ్యలో మరెవరూ అడ్డు రాకూడదు. పియానో శృతి చేసే ఆయన విశాఖ నుంచి ఆలస్యంగా రావడంతో ముందుగా తీయడం కుదరలేదు, ఇక మిగిలింది గడువుకు ఆఖరు రోజైన వార్షికోత్సవం రోజే. వీడియో వెళ్ళకపోతే అమ్మాయికి చెన్నై కాలేజీలో సంగీతం సీటు లేనట్టే. వేదిక మీదే తీద్దామనుకున్నాం.

ఇదంతా స్కూలు యజమాని అయిన కరస్పాండెంటు గారికి ముందే చెప్పాను. మైకు పట్టుకునే తెలుగు మాస్టారికి మరీ మరీ చెప్పాను. ఇద్దరూ తలలు ఊపారు. గంగిరెద్దు కూడా అంత చక్కగా ఊపదు.

రెహానా మొదటి భాగం తప్పు లేకుండా వాయించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అంతే, మైకులో "అద్భుతం!" అన్న కేక. హాలంతా చప్పట్లు. ముఖ్య అతిథి స్థానిక నాయకుడు. ఆయనకు రాంబిల్లిలో ఇంకో సభ ఉందట. శాలువా పట్టుకుని ఆయన, మెమెంటో పట్టుకుని కరస్పాండెంటు, వెనక ఫొటోగ్రాఫరు వేదికెక్కేశారు. పియానో ముందు కూర్చున్న పిల్లకు కూర్చున్నట్టే శాలువా కప్పారు. వీడియో అక్కడికి సర్వనాశనం. పైగా అతిథి మైకు తీసుకుని అభిప్రాయం కూడా చెప్పాడు.

"బాగా వాయించేవమ్మా. అయితే ఇది మనోళ్ళకి ఎక్కదు. ఈసారి ఏదైనా సినిమా పాట కొట్టు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాది పాటు వేళ్ళు నొప్పెట్టేలా సాధన చేసిన పిల్లకు దక్కిన మాట అది! అతిథి వెళ్ళాక కరస్పాండెంటు నా దగ్గరకొచ్చి, డాన్సు పిల్లలు లైన్లో ఉన్నారు, అమ్మాయిని దింపండి అన్నారు. దించనన్నాను. రెహానా శాలువా తీసి పక్కన పడేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మొదట్నుంచీ వాయించేత్తాను మేడం" అంది.

కెమెరా మళ్ళీ పెట్టించి, వేదిక మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. తెలుగు మాస్టారు రెండో మెట్టు దాకా వచ్చి, నా ముఖం చూసి వెనక్కి దిగారు. రెహానా కోపమంతా మీటల మీద చూపించింది. ఈసారి భాగాల మధ్య ఎవరూ కిక్కురుమనలేదు. మూడో భాగం కూడా అయింది. ఆమె లేచి నమస్కరించింది. అప్పుడూ ఎవరూ చెయ్యి కదపలేదు. మళ్ళీ తప్పవుతుందేమోనని భయం. ఆ నిశ్శబ్దం చూసి పిల్ల ముఖం పాలిపోయింది.

చివరి వరసలో కరీం గారు లేచి నిలబడ్డారు.

"అయిపోనాదా అమ్మా? ఇప్పుడు కొట్టొచ్చా సప్పట్లు?"

రెహానా నవ్వేసింది. ఆ తర్వాత హాలు దద్దరిల్లింది.

మర్నాడు నాకు మెమో ఇచ్చారు, అతిథి మర్యాదకు భంగం కలిగించినందుకట. అతిథి ఉన్నంతసేపూ నేను నోరు విప్పలేదు! క్షమాపణ రాయమన్నారు, రాయలేదు. కొన్నాళ్ళకు పరీక్షకుల అభిప్రాయం వచ్చింది. మొదటి భాగంలో కోపం పాలు ఎక్కువైందని రాశారు. పాసు చేశారు, సీటూ వచ్చింది. ఆ కోపం ఎక్కడిదో వాళ్ళకు రాసి పంపాలనిపించింది గానీ, పరీక్షకులతో వాదించకూడదన్నది మా వృత్తిలో నియమం.

మంచి మాటతో చెబితే సభ నడుస్తుందన్న నమ్మకం నాకు ఆ రోజుతో పోయింది. రిటైరయ్యేదాకా ప్రతి కార్యక్రమానికీ శాలువాలన్నీ ముందే తెప్పించి, మడతపెట్టి, నా కుర్చీలో వేసి వాటి మీద కూర్చున్నాను. చివరి స్వరం ఆగేదాకా ఎవరడిగినా లేవలేదు.