అవ్వ ఎక్కిన అలల బల్ల

అరవై తొమ్మిదిలో ఊరందరూ తెలంగాణ కోసం కొట్లాడుతుంటే, నేను మాత్రం మా ఇంటి వరి నాటును దాదాపు ముంచేశాను. వరద వల్ల కాదు, కరువు వల్ల కాదు, ఒక చెక్క బద్ద వల్ల. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మొయినాబాద్‌లో నవ్వనివి మా ఎద్దులే.

కాలేజీలు బంద్ కావడంతో పట్నం నుంచి ఇంటికొచ్చి పడ్డాను. కోఠీలో పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక విదేశీ పత్రిక కూడా నాతో వచ్చింది. అందులో ఒక మనిషి బల్ల మీద నిలబడి, సముద్రపు అల మీద బారాత్‌లో పెళ్ళికొడుకులా దర్జాగా జారిపోతున్నాడు. అలాంటి బల్ల చేసి ఎక్కాల్సిందే అనుకున్నాను. మాకు సముద్రం లేదు, హిమాయత్‌సాగర్ ఉంది. గాలి గట్టిగా వీస్తే అలలు రాకపోతాయా? నా ఆలోచన ఈ స్థాయిలో ఉండేది.

తేలే సరుకుకు కొదవ లేదు. మా వైపు పిల్లలు నడుముకు కట్టుకొని బావుల్లో ఈత నేర్చుకునే ఎండిన కిత్తనార కాడలున్నాయి. వాటిని పక్కపక్కన పేర్చి, గోనెపట్టా చుట్టి, తారు పూస్తే సరి. అయితే నట్టనడుమ ఈ కొస నుంచి ఆ కొస దాకా వెన్నెముకలా ఒక బద్ద ఉండాలని పత్రికలో రాశారు. అది తేలికగా, గట్టిగా ఉండాలట. నేను 'గట్టిగా' ఒక్కటే పట్టుకున్నాను.

నా దోస్తు యాదగిరి, నేను చెక్కల వేటకు బయలుదేరాం. వెదురు మీద నిలబడితే చిట్లింది. నీలగిరి కర్ర ఎండేకొద్దీ మెలితిరిగింది. తుమ్మల్లో తిన్నగా పెరిగింది ఒక్కటీ దొరకలేదు. నేను ఇంటి టేకు దూలాల వైపు చూస్తుంటే యాదగిరి నా చెయ్యి పట్టి బయటికి లాగాడు. అప్పుడు కనిపించింది, కొట్టం గోడకు ఆనించిన చదును బల్ల. నాటు వేసే ముందు దాన్ని ఎద్దులకు కట్టి, పైన నిలబడి తోలితే మడిలో బురద సమమవుతుంది.

"గది అవ్వదిరా," అన్నాడు యాదగిరి.

"ఏండ్ల సంది బురదల నానుతున్నది, కుళ్ళిందా?"

"లే."

"ఎద్దులు గుంజితే ఇరిగిందా?"

"ఇరగలే."

"మరింక ఫికరేంది?"

"ఫికర్ చెక్కతోని కాదు. మీ అవ్వతోని."

మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. బాపు పోయాక ఎద్దులు, మడి, నేను, అన్నీ ఆమె చేతికిందే. ఆమె కూరగాయలతో చేవెళ్ల అంగడికి వెళ్ళిన పూట, నేను చదును బల్లను నిలువునా కోసి కాడల నడుమ బిగించేశాను.

హిమాయత్‌సాగర్‌లో మా అలల బల్ల నన్ను మోసుకొని నింపాదిగా నీళ్ళ కిందికి దిగింది.

"నిలబడురా!" ఒడ్డు మీది నుంచి అరిచాడు యాదగిరి.

"నిలబడే ఉన్న!"

"మరి తలకాయొక్కటే కనబడుతున్నదేంది?"

మర్నాడే మా నాటు. కుంట నీళ్ళు మా వంతుకు వచ్చేది ఆ రోజే. నారు పీకేశారు, నాటేసే ఆడవాళ్ళు వచ్చేశారు. పొద్దుగూకేలోగా నాటు పడకపోతే నారు వాడిపోతుంది, ఆ ఏడు మాకు ఇంటి బియ్యం ఉండవు. ఇంకొకరిది అడిగి తెద్దామంటే ఊళ్ళో ఎవరి చదును బల్ల వాళ్ళ మడిలోనే ఉంది.

"ప్రకాషూ, బల్లేదిరా?"

"ఉన్నదవ్వా... లోపటున్నది."

"దేని లోపట?"

తారు కారుతున్న ఆ వింతను మడి ఒడ్డు మీదికి ఈడ్చుకొచ్చాను.

"నీ కొడుకు కాళ్ళు లేని మంచం చేసిండే అత్తా!" అని ఒకామె అంది. ఆడవాళ్ళందరూ ఒడ్డు మీద కూలబడి నవ్వారు.

అవ్వ దగ్గరికొచ్చింది. కుండ కొంటున్నట్లు బల్లను వేలితో కొట్టి చూసింది. కాలితో ఎత్తి అడుగు చూసింది.

"నడుమ గట్టిగనే ఉన్నది. తాళ్ళు తే."

బల్లను కాడికి కట్టించి, చీర ఎగ్గట్టి, పైకెక్కి "హై!" అంది. ఎద్దులు ఉరికాయి. బురద రెండు పక్కలా పొర్లింది. మలుపు దగ్గర ఒక కాలు వెనక్కి జరిపి, మోకాళ్ళు కొంచెం వంచి, తోకలు పట్టి అదిలిస్తూ జారిపోయింది మా అవ్వ. పత్రికలో ఉన్నది అచ్చంగా ఆ నిలబడే తీరే. ఆ బొమ్మలో లేని అందం మా అవ్వకు ఎక్కడి నుంచి వచ్చిందో! పాత బల్ల కన్నా వెడల్పు కదా, మడి అద్దంలా తయారైంది. పొద్దుగూకేలోగా నాటు పడింది.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? ఇంకా ఆఖరి మడి చదును మిగిలి ఉండగానే, "అవ్వా, జర నేనెక్కుత," అన్నాను. ఎద్దులు ఇలా అడుగేశాయి, నేను అలా బొక్కబోర్లా బురదలో పడ్డాను.

అవ్వ పగ్గం అందుకొని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "చెక్క మంచిదే ఏరిండు నా బిడ్డ. పైన నిలబడ్డదే ఉత్త సరుకు."

ఆ బురద ముఖంతోనే ప్రతిజ్ఞ చేశాను: అవ్వను అడగనిదే ఇంట్లో పుల్లముక్క కూడా కొయ్యను, నీళ్ళ మీద గానీ బురద మీద గానీ ఆమె కన్నా బాగా నిలబడగలనని కలలోనైనా అనుకోను.

రెండోదానికి ప్రతిజ్ఞ అక్కర్లేదన్నాడు యాదగిరి, చూసినవాళ్ళెవరూ నేను నిలబడగలనని ఎలాగూ నమ్మరట.