గుణదల డ్రయ్యర్‌లో ముప్పై ఏడు డిగ్రీలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివాక నన్ను ఏమనుకున్నా సరే, ఆ మాట మాత్రం ముందే చెప్పి పెడుతున్నాను. పటమటలో పంతొమ్మిదేళ్ళుగా వాషింగ్ మెషీన్లు, బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్లు బాగు చేస్తున్నాను. దెయ్యం పట్టిందని నన్ను పిలిచిన ఇళ్ళు తక్కువేం కాదు. తనంతట తనే తిరిగే మెషీన్‌లో బల్లి దొరికింది. ఏడుస్తున్నట్టు చప్పుడు చేసే డ్రమ్ములో జాకెట్టు హుక్కు దొరికింది. చీమలు, ఎలుకలు, వదులైన వైర్లు, నేను చూసిన దెయ్యాలు ఇవే.

నా నోరు కూడా అంత మంచిది కాదు. ఏ కారణం లేకుండా మెషీన్ ఆగిపోతోందని ఎవరైనా అంటే, కారణం లేకుండా ఆగేది మనుషులేనండీ అని ముఖం మీదే అనేస్తాను.

మొన్నటి వానాకాలంలో గుణదల నుంచి ఫోన్ వచ్చింది. అన్నపూర్ణమ్మ గారని, అరవై దాటిన ఆవిడ. కంకిపాడు వైపు వ్యవసాయం చేసి, తర్వాత బెజవాడలో స్థిరపడ్డ కుటుంబం. కూతురు సుజాత పురిటికి వచ్చింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ముసురుకు బట్టలు ఆరవు. పొద్దుగూకాక చంటిపిల్ల బట్టలు బయట ఉంచకూడదాయె. అందుకని అల్లుడు డ్రయ్యర్ కొని పంపాడు. అదేమో పది నిమిషాలు తిరిగి ఆగిపోతోంది.

వెళ్ళి చూశాను. ఉష్ణోగ్రత సెన్సర్ ఎర్రర్ చూపిస్తోంది. ఈ సెన్సర్ చిక్కుడు గింజంత ఉంటుంది. లోపల వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఆ అంకెను బట్టి ఎంత వేడి ఉందో బోర్డు తెలుసుకుంటుంది. హీటర్ వేసినా వేడి పెరగకపోతే, సెన్సర్ పోయిందనుకుని మెషీన్‌ను ఆపేస్తుంది.

మీటర్ పెట్టి కొలిచాను. ఎనిమిది కిలో ఓమ్‌లు. ఆ రోజు గదిలో ఉన్న ముప్పై డిగ్రీలకు అంతే ఉండాలి. వైరు తెగలేదు, కనెక్టర్‌కు తుప్పు పట్టలేదు. ఫిల్టర్‌లో పేరుకున్న నూలుపొట్టు దులిపాను. నలభై నిమిషాలు ఖాళీగా తిప్పితే చక్కగా తిరిగింది. ఫిల్టర్ శుభ్రం గురించి ఆవిడకు చిన్న ఉపన్యాసం ఇచ్చి వచ్చేశాను.

మర్నాడు మళ్ళీ ఫోన్. ఈసారి కొత్త సెన్సర్ వేశాను. నాలుగు తడి తువ్వాళ్ళు వేసి, ఆరబెట్టి చూపించాను. ఆ మర్నాడు మళ్ళీ ఫోన్. నాకు ఒళ్ళు మండింది.

మూడోసారి వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడయింది. సుజాత పిల్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. పుట్టి నెల దాటినా పిల్ల బరువు పెరగడం లేదట. ఇంట్లో అన్నపూర్ణమ్మ గారు ఒక్కరే ఉన్నారు.

"అసలు ఇందులో ఏం వేస్తున్నారండీ? ఉన్నదున్నట్టు చెప్పండి," అని కాస్త గట్టిగానే అడిగాను.

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక తెల్ల పంచె ముక్క తెచ్చారు. చింపి, అంచులు చేత్తో కుట్టి ఉంది. "ఇది వేసినప్పుడే ఆగిపోతోంది బాబూ. నేనే మీకు చెప్పలేదు," అని అక్కడే కూలబడి ఏడ్చారు.

అది వాళ్ళాయన పంచె. పిల్ల పుట్టడానికి నలభై రోజుల ముందు ఆయన పోయారు. పురిటి బిడ్డకు కొత్త బట్ట వేయరు, ఇంట్లో పెద్దవాళ్ళ మెత్తటి పాత బట్టలో చుడతారు. పుట్టేది ఎవరైనా నా పంచెలోనే చుట్టాలని, మంచాన ఉండగానే ఆయన భార్య దగ్గర మాట తీసుకున్నారు. కానీ పెద్దకర్మ అయ్యాక పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచరు. బంధువులు అన్నీ తీసి ఇచ్చేయించారు. ఈ ఒక్క పంచె మాత్రం ఆవిడ బియ్యం డబ్బా వెనక దాచారు. అది ఎవరి పంచో కూతురికి కూడా చెప్పకుండా పిల్లను అందులోనే చుడుతున్నారు.

"పోయినాయన బట్ట పసిదానికి చుట్టాను. అందుకే దానికి ఒళ్ళు రావట్లేదు. ఆయనకి కోపం వచ్చిందో ఏంటో, మిషను కూడా ఒప్పుకోట్లేదు. రేపు పొద్దున్నే కాలవలో వదిలేస్తాను బాబూ. ఇచ్చిన మాట పోతే పోయింది, పిల్ల దక్కితే చాలు నాకు."

నాకు చాలా జాలేసింది. చిరాకు కూడా వేసింది. ఒక చిన్న ఎర్రర్‌కు ఈవిడ ఇంత నరకయాతన పడుతున్నారే అనిపించింది. అసలు కారణం చూపించి ఆ భయం పోగొడదామని కూర్చున్నాను.

తడి తువ్వాలు వేశాను, తిరిగింది. పంచె వేశాను, ఎనిమిదో నిమిషంలో ఆగింది. పల్చటి బట్ట కదా, సెన్సర్ ముందున్న కన్నాలకు అతుక్కుంటోందేమో అనుకుని, అంతే పల్చటి పాత దుప్పటి ముక్క తడిపి వేశాను. తిరిగింది. పంచె వేశాను, ఆగింది. మూడుసార్లూ అంతే.

ప్లగ్ పీకేశాను. వెనక పలక విప్పి, సెన్సర్‌ను బోర్డు నుంచి విడదీసి మీటర్‌కు తగిలించాను. డ్రమ్ము పూర్తిగా చల్లారేదాకా ఆగాను. మీటర్ ఎనిమిది చూపించింది. పంచెను కుళాయి కింద మళ్ళీ తడిపి, పిండి, లోపల వేసి డ్రమ్మును చేత్తో తిప్పాను.

అంకె దిగడం మొదలైంది. ఏడున్నర. ఏడు. ఆరు దగ్గర ఆగింది, ఇక కదల్లేదు. హీటర్ వేసినా ఇలాగే నిలిచిపోతుంటే బోర్డు మెషీన్‌ను ఆపేయదా మరి. పంచె తీస్తే మెల్లగా ఎనిమిదికి వెళ్ళింది. వేస్తే మళ్ళీ ఆరు. కరెంటు లేదు, హీటర్ లేదు. లోపల చెయ్యి పెట్టి చూశాను. తడి బట్ట చల్లగా ఉండాలి. అది వెచ్చగా ఉంది.

నా పెట్టెలో ఏ అంకెకు ఎన్ని డిగ్రీలో చెప్పే సెన్సర్ పట్టిక ఉంటుంది. తీసి చూశాను. రెండోసారి కూడా చూశాను.

"ఎంతుంది బాబూ?" అన్నారు ఆవిడ.

"ముప్పై ఏడండీ."

"అంటే ఎక్కువా?"

"ఎక్కువా కాదు, తక్కువా కాదమ్మా. జ్వరం గట్రా లేకుండా కులాసాగా ఉన్న మనిషి ఒంటి వేడి."

ఆ మాట నేను అనాలనుకుని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం మానేసి నన్నే చూస్తున్నారు. కాలవలో మాత్రం వదలకండి అని కూడా అన్నాను. పంతొమ్మిదేళ్ళలో మీటర్ చెప్పనిది నేను చెప్పడం అదొక్కసారే.

ఆ ఇంటి నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. నేనే ఒకసారి ఆ వీధిలో పని ఉండి వెళ్ళి చూశాను. పంచెను ఫ్యాను కింద ఆరబెడుతున్నారు. పిల్ల బొద్దుగానే ఉంది. నెలలు నిండని పిల్లలు ఆలస్యంగా పుంజుకుంటారని డాక్టర్ చెప్పారట, నేనూ అదే అనుకుంటున్నాను. ఆ అంకె సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. తోటి మెకానిక్‌లను అడిగాను, మీటర్ మార్చి చూడాల్సిందన్నారు. అదే మీటర్‌తో ఇప్పటికీ పని చేస్తున్నాను. ఎక్కడా తప్పు చూపించలేదు.

ఆ మధ్యాహ్నం నేను చెప్పింది విన్నాక, అన్నపూర్ణమ్మ గారు లేచి వచ్చి డ్రమ్ములోకి చెయ్యి పెట్టారు. పంచె మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు.

"ఆ రోజు నేను ఆసుపత్రికి వెళ్ళేసరికే ఆయన చెయ్యి చల్లబడిపోయింది బాబూ," అన్నారు.

నాకు ఇంకా రెండు ఇళ్ళ పని ఉంది. వెనక పలక బిగించాలి. ఆవిడ చెయ్యి తీసేదాకా నేను స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు.