అద్దె పుస్తకంలో చిరిగిన చివరి పేజీలు

వనపర్తిలో బస్సెక్కి ఫోన్‌లో కొత్త అంతరిక్ష యుద్ధం సినిమా పెట్టాను. టిఫిన్ డబ్బాతో పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ తొంగిచూసి, "ఇప్పుడు కెప్టెన్ ఒక్కడే సూర్యుని దిక్కు పోతడు చూడు బేటా" అంది. పోయాడు.

"ఈ సినిమా చూసిన్రా అమ్మా?"

"లేదు. చిన్నప్పుడు గద్వాలల అద్దె పుస్తకంల గిదే కథ చదివిన. ఆఖరి పేజీలు చినిగిపోయినయి. ఆయన మల్ల వచ్చిండో లేదో ఇప్పటికీ తెల్వదు."

నేను కొత్తదని మురిసిన కథ ఆమె గౌను తొడుక్కునే రోజులదన్నమాట.

కెప్టెన్ ఓడ సూర్యుడి మంటల్లోకి దూకుతుండగా కండక్టర్ కేకేశాడు. "బిజినేపల్లి! దిగమ్మా, నీ స్టేజీ!"

"ఆయనను సూర్యునిల ఇడిచిపెట్టి ఎట్ల దిగుత? నాగర్‌కర్నూల్‌కు టికెట్ కొట్టు!"

విశ్వం ఆపదలో ఉంది, నా ఫోన్ చార్జింగ్ కూడా. బస్టాండు చేరేలోపు కెప్టెన్ మసి మొహంతో తిరిగొచ్చాడు. ఆమె నా భుజం చరిచి, "వచ్చిండు!" అని బస్సంతటికీ చెప్పింది.

తిరుగు బస్సు కోసం ఇద్దరం కలిసే నిలబడ్డాం. నేను దిగాల్సింది కూడా బిజినేపల్లిలోనే.