నేను మరాఠీలో చెప్పని మాట

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఒక్క వాక్యం. అదీ మరాఠీలో. నీకు చెప్తున్నానంటే, నువ్వు మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచ వైపు రావనే ధైర్యంతోనే.

మా అన్నకు పక్షవాతం వచ్చింది. చెయ్యి పడిపోయింది, మాట నెమ్మదించింది. ఒక్క జవాబు వచ్చేలోపు చాయ్ చల్లారిపోయేది. ఆయన బదులు నేను సంతకం పెట్టాలంటే గడ్చిరోలి జిల్లా ఆఫీసుకు పోయి హక్కు రాయించుకోవాలన్నారు. పోయాం. నడుములు విరిగే దూరం. ఒకసారి ఫొటో చిన్నదన్నారు, ఇంకోసారి సాహెబ్ సెలవన్నారు, మూడోసారి పేరులో అక్షరం తేడా అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అక్కడ పూజారులే నలుగురు!

నాలుగోసారి కూర్చోబెట్టారు. అధికారికి తెలుగు రాదు. "ఈయనకు విషయం అర్థమవుతుంటే మీకు పూర్తి హక్కు అక్కర్లేదు. ఇద్దరూ కలిసి నిర్ణయించుకునే కాగితం ఇస్తాం. కానీ ప్రతి పనికీ ఈయన్ని అడగాలి" అన్నాడు మరాఠీలో. ప్రతి పనికీ! నాకు ఒళ్లు మండింది. అప్పుడే అన్న నోరు కూడదీసుకున్నాడు.

"నాకు సమజైతది తమ్మీ. జర ఆగి అడుగుమను. నేనే చెప్త."

ఏమంటున్నాడని అధికారి నన్నడిగాడు. "ఊరికే గొణుగుతున్నాడు సాహెబ్, ఈయనకేమీ తెలియదు" అన్నాను.

పూర్తి హక్కు కాగితమే వచ్చింది. ఆ హక్కుతోనే ఆయన చేను కౌలుకిచ్చాను, ఆయన మంచం వెనక గదిలో వేయించాను. ఒక్కటీ అడగలేదు. ఏమీ తెలియనివాణ్ణి ఎందుకడగాలి?

కానీ అన్న ఇరవై ఏళ్లు ఆష్టి మీదుగా మరాఠీ ఊళ్లకు లారీ నడిపినవాడు. మరాఠీ నాకంటే బాగా వచ్చు. జబ్బు తర్వాత నోటికి తెలుగే మిగిలింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. నేనన్నది విన్నాడు. ఆ క్షణాన నాకది గుర్తులేదా? గుర్తుంది. విసుగులో అనేశానని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. విసుగే అయితే ఊరొచ్చి బస్సు దిగేసరికి పోవాలి కదా, ఆరేళ్లు ఎట్లా నిలిచింది? ఆ రోజు నుంచి అన్న నాతో మాట్లాడలేదు. జబ్బు ముదిరిందన్నారు అందరూ. నేనూ అవునన్నాను.

ఇవాళ పొద్దున తెల్ల కాగితం మీద ఆ ఆఫీసుకు మరాఠీలో రాశాను. ఆ రోజు అబద్ధం చెప్పాను, మా అన్నకు అన్నీ తెలుస్తాయి, కొంచెం ఆగి అడగండి అని. వెనక గదిలోకి వెళ్లి చదివి వినిపించాను.

"పంపమంటవా అన్నా?" అన్నాను.

గుండె కొంచెం తేలికైంది, సిగ్గులేకుండా. ఆయన పెదవులు కదులుతున్నాయి. మాట ఇంకా రాలేదు. చాయ్ చల్లారిపోయింది. కూర్చునే ఉన్నాను.