మా లారీకి గాలి సోకిన రోజు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, సురంగల్‌లో మా ఇంటి ముందు నిలిచిపోయిన పాత లారీ ఒక్కసారిగా గుర్రుమని, నల్లటి పొగ కక్కి, ఈసారి ఆగిపోకుండా నిలబడ్డచోటే గుడగుడలాడసాగింది. మా బాపు స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి గట్టిగా హారన్ కొట్టాడు. మా నాయనమ్మ మాత్రం వేపమండ పట్టుకుని, గెలిచిన మనిషిలా ముందు చక్రం దగ్గర నిలబడింది.

అప్పట్లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్నాయి. మా పక్కూరు చిన్న మంగళారం వైపు చేలు ఫాంహౌస్‌లవుతున్నాయి. రోడ్డు నిండా కొత్త టిప్పర్లు. చేవెళ్ల క్యారెట్‌ను మార్కెట్‌కు చేర్చే మా పాత లారీయే ఇంటికి ఆధారం. అదీ కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. స్టార్టవుతుంది, కాసేపటికే ఆగిపోతుంది. విసిగిపోయిన బాపు షాబాద్ నుంచి పాత ఇనుము కొనే ఆయనను రమ్మన్నాడు. ఆయన వచ్చేలోగా బండి బాగుపడకపోతే తుక్కుకే.

మొయినాబాద్ నుంచి వచ్చిన మిస్త్రీ చూసి, "గాలి వట్టిందన్నా" అన్నాడు. డీజిల్ పైపులో గాలి చేరితే ఇంజిన్‌కు డీజిల్ అందదు. అతను స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీశాడు. బండి లేచింది, మళ్లీ పడుకుంది. మళ్లీ తీశాడు. మళ్లీ అంతే.

వంటింట్లో ఉన్న నాయనమ్మ చెవిన పడింది 'గాలి' అన్న ఒక్క మాటే. మా వైపు గాలి అంటే దయ్యం సోకడం కూడా. ఆమె నిమ్మకాయ, వేపమండ పట్టుకుని వచ్చేసింది.

"అవ్వా, గా గాలి కాదే!" అని తల్లితో అంటూ బాపు తల పట్టుకున్నాడు.

"ఏ గాలైతేంది? ఎల్లగొట్టినంక మళ్ల ఎట్లొస్తున్నది? ఏ సందులకెల్లి దూరుతున్నదో సూడరాదుర! సందు మూయకుండ ఎన్నిసార్లు ఎల్లగొడ్తరు?"

నవ్వబోయిన మిస్త్రీ ఆగిపోయాడు. లారీ కిందికి దూరి, ట్యాంకు నుంచి పైపు వెంట చెయ్యి జరుపుకుంటూ పోయాడు. ఇనుప చట్రానికి రాసుకుని పైపు ఒకచోట సన్నగా చిట్లింది. ఇంజిన్ డీజిల్‌ను లాగే పైపు కాబట్టి చుక్క బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఎవరికీ కనిపించలేదు. సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టి, తీగతో బిగించి, మళ్లీ గాలి తీశాడు. ఈలోగా నాయనమ్మ తన పని తాను కానిచ్చి, నిమ్మకాయను చక్రం కింద పెట్టింది.

తుక్కాయన వచ్చేసరికి లారీ రోడ్డెక్కి ఉంది. "తుక్కేదన్నా?" అన్నాడాయన.

"ఎక్కు తమ్మీ, గీ తుక్కు బండిలనే నిన్ను షాబాద్ దాక దించొస్త!" అన్నాడు బాపు. ఆయన పడీపడీ నవ్వుతూ ఎక్కాడు.

ఇప్పుడు నీళ్ల మోటారు మొండికేసినా, ఇంట్లో ఇద్దరి మధ్య మాట చెడినా, నేను ముందు సందు వెతుకుతాను. అయితే ఆ రోజు నాయనమ్మ మూయమన్నది పైపుకు పడిన సందునా, దయ్యం దూరే సందునా అన్నది మా ఇంట్లో నేటికీ తేలలేదు.